రైఫిల్ బ్యారెల్ పదికాలాలు నిలవాలంటే: మందు, వేడి, మన ఉప్పుగాలి

"ఎన్ని తూటాలు కాలిస్తే బ్యారెల్ పోతుంది?" రైఫిల్ కొత్తగా చేతికొచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే, దాని గొట్టం ఎన్నాళ్లు నిలుస్తుందని. లైసెన్సు రెన్యువల్ కోసం ఒంగోలు వచ్చిన రైతూ అడుగుతాడు, కావలి నుంచి టెక్సాస్ వెళ్లి వారాంతాల్లో కయోటీల (తోడేలు లాంటి చిన్న జంతువుల) వేటకు పోయే కుర్రాడూ అడుగుతాడు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్తే కుదరదు. అక్కడి కుర్రాడి బ్యారెల్ వేడికి పోతుంది. ఇక్కడి రైతు బ్యారెల్ తుప్పుకు పోతుంది, లేదా దాన్ని తోమే తీరుకు పోతుంది. మీది ఏ కోవో తేల్చుకున్నాకే మిగతా జాగ్రత్తలు.

ముందు ఒక చిన్న లెక్క వేయండి

తూటా పేలినప్పుడు లోపలి తుపాకీ మందు మంట వేడి సుమారు 2,500 నుంచి 3,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఉక్కు 1,500 లోపే కరుగుతుంది. మరి బ్యారెల్ కరిగిపోదేం? ఆ మంట లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. ఆ కాస్త సేపట్లోనే చాంబర్ (తూటా కూర్చునే అర) దాటగానే గాడులు (బుల్లెట్‌ని తిప్పే మెలికల గీతలు) మొదలయ్యే చోట, అంటే థ్రోట్ దగ్గర, ఉక్కు పైపొర కాలి గట్టిపడి పెళుసవుతుంది. మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లారేసరికి సన్నని పగుళ్లు వస్తాయి. బోర్‌స్కోప్ (గొట్టం లోపలికి పంపి చూసే సన్నని కెమెరా) పెట్టి చూస్తే వేసవిలో నీళ్లెండిన చెరువు నేల లాగే ఉంటుంది. తర్వాత తూటాల నుంచి వచ్చే వేడి గ్యాసు ఆ పగుళ్ల అంచులను కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతుంది. బుల్లెట్ (తూటాలోంచి బయటికి పోయే ముక్క) రాపిడి వల్ల అరిగేది దీని ముందు చాలా తక్కువ.

అందుకే తూటాల సంఖ్య కంటే, ఎంత మందు ఎంత సన్నని రంధ్రంలోంచి పోతోందన్నది చూడాలి. మందు బరువును మిల్లీగ్రాముల్లో తీసుకుని, బ్యారెల్ రంధ్రం వైశాల్యంతో (చదరపు మిల్లీమీటర్లలో) భాగించండి. .308 విన్‌చెస్టర్ అనే తూటాలో సుమారు 44 గ్రెయిన్ల మందు, అంటే 2.85 గ్రాములు, 48 చదరపు మిల్లీమీటర్ల రంధ్రంలోంచి పోతుంది. చదరపు మిల్లీమీటరుకు 59 మిల్లీగ్రాములు పడింది. .223 రెమింగ్టన్‌కి 64 దాకా వస్తుంది. .30-06కి 74. .243 విన్‌చెస్టర్‌కి 87. .22-250 రెమింగ్టన్‌లో 36 గ్రెయిన్లు వేసుకుంటే 92. ఈ అంకె 70 లోపుంటే బ్యారెల్ మీద మరీ బెంగ పెట్టుకోనక్కర్లేదు, 85 దాటితే ప్రతి తూటా లెక్క రాసుకోవాల్సిందే. ఇది నేను పెట్టుకున్న గీత. ఏ పుస్తకం నియమమూ కాదు.

మామూలుగా షూటర్లు చెప్పుకునేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. .223, .308 బ్యారెళ్లు ఐదు వేలు దాటి నడుస్తాయి. .22-250, .243 లాంటివి పదిహేను వందల నుంచి మూడు వేల మధ్య ఎక్కడో గురి వదులుతాయి. అదీ ఎవరు ఎంత వేగంగా కాల్చారన్న దాన్ని బట్టి. చిన్న .22 రిమ్‌ఫైర్ తూటాని ఈ లెక్కలోకి తేవడమే దండగ. అందులో మందు చిటికెడు, బుల్లెట్ మెత్తని సీసం. క్లబ్బుల్లో పిల్లలు నేర్చుకునే .22 బ్యారెల్ వేలకు వేలు కాల్చినా వేడికి చెడదు.

వేగం మోజు ఈనాటిది కాదు. 1935లో విన్‌చెస్టర్ .220 స్విఫ్ట్ తెచ్చినప్పుడు 48 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 4,110 అడుగులు పోతుందని చాటుకుంది. బ్యారెళ్లను తినేస్తుందన్న చెడ్డపేరు కూడా దాంతోనే మొదలైంది. ఆ పేరులో సగం ఆనాటి ఉక్కుది, ఇంకో సగం ఆపకుండా కాల్చిన చేతులది.

మందు ఎంచుకోవడం (తూటాలు నింపుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్లకు మాత్రమే)

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నవాళ్లు ఈ భాగాన్ని తెలుసుకోవడానికి చదవండి, చేయడానికి కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు కావాలి. మీ దగ్గరున్న తుపాకీ లైసెన్సు దానికి పనికిరాదు. డీలర్ దగ్గర కొన్న తూటా, దాన్ని బిల్లుతో సహా దాచుకోవడం, ఇంతే మన దారి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం తూటాలు సొంతంగా నింపుకుంటారు. మొదట మందు కంపెనీ, బుల్లెట్ కంపెనీ ఇచ్చిన తాజా మాన్యువల్ తెరవండి. వాట్సాప్‌లో బావమరిది పంపిన తూకం పక్కన పెట్టండి. మాన్యువల్‌లో మీ బుల్లెట్ బరువుకు పది రకాల మందులు రాసి ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ వేగం ఇచ్చేదాని మీదికే కళ్లు పోతాయి. దాన్ని పక్కన పెట్టి, మీకు కావాల్సిన వేగాన్ని తక్కువ ఒత్తిడితో, తక్కువ మందుతో ఇచ్చేదేదో చూడండి. మాన్యువల్ చెప్పిన అన్నిటికంటే తక్కువ తూకంతో మొదలుపెట్టి మెల్లగా పైకి రండి. పై గీత దాకా పోవాలన్న నియమం ఏమీ లేదు.

రెండోది, మందులో నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు పదార్థం ఉందా చూడండి. అది ఎక్కువున్న మందు మామూలుగా ఎక్కువ వేడిగా మండుతుంది. ఈ సంగతి బ్రిటిష్ సైన్యానికి కష్టం మీద తెలిసొచ్చింది. కార్డైట్ అనే వాళ్ల మందులో మొదట 58 శాతం నైట్రోగ్లిజరిన్ ఉండేది. అది బ్యారెళ్లను త్వరగా తినేస్తుండటంతో దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధం తర్వాత దాన్ని 30 శాతానికి దించారు. మన పక్కనే నీలగిరుల్లోని అరువంకాడులో ఉన్న ఫ్యాక్టరీకి కార్డైట్ పేరే ఉంది. ఇప్పటి మందుల్లో వేడిని అదుపుచేసే పూతలు కూడా ఉంటాయి కాబట్టి ఒక్క నైట్రోగ్లిజరిన్ శాతం చూసే తీర్పు చెప్పకండి. కానీ రెండు మందులు ఒకే వేగం, ఒకే గురి ఇస్తుంటే, వేడి తక్కువున్నదే తీసుకోండి.

మూడోది ఎండ. కొన్ని మందులు ఎండకు ఒత్తిడి పెంచేస్తాయి. జనవరి చలిలో హాయిగా నడిచిన తూకం, జులైలో కారు డిక్కీలో మాడిన తూటాతో కాలిస్తే బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) బిగుసుకుంటుంది. .22-250కి చాలామంది వాడే వార్గెట్, హెచ్ 4895 లాంటివి ఎండకీ చలికీ పెద్దగా మారకుండా తయారు చేసినవి. ఐఎంఆర్ 4064 కూడా ఈ తూటాలో పాతకాపు. హెచ్ 380 అన్నది బాల్ పౌడర్, అంటే గుండ్రటి పలుకుల మందు. .22-250 ఇంకా కంపెనీ తూటా కాకముందు మందుల వ్యాపారి బ్రూస్ హాజ్డన్ దాంట్లో వాడిన 38.0 గ్రెయిన్ల తూకమే ఆ మందుకు పేరైంది. పేరులో ఉంది కదా అని ఆ తూకమే మీ రైఫిల్‌లో వేయకండి. .223కి సీఎఫ్‌ఈ 223 అని ఒకటుంది, బ్యారెల్‌లో రాగి పేరుకోవడం తగ్గించే పదార్థం కలిపింది. తోమే పని తగ్గించుకోవాలనుకునేవాళ్లకు బాగుంటుంది.

ఇక ఆఖరి నూరు, నూటయాభై అడుగుల వేగం సంగతి. సెకనుకు 3,700 అడుగులతో పోయే బుల్లెట్‌ని 3,550కి దించితే బలం 8 శాతం తగ్గుతుంది. నూరు గజాలకు సరిచేసిన రైఫిల్‌లో 200 గజాల దగ్గర బుల్లెట్ కిందికి పడే తేడా అంగుళం కూడా ఉండదు. కయోటీకి ఆ తేడా తెలియదు, థ్రోట్‌కి మాత్రం బాగా తెలుస్తుంది. నన్నడిగితే .22-250 కొని దాన్ని పీకల దాకా నింపేవాడి కంటే, .223తో సరిపెట్టుకునేవాడు తెలివైనవాడు.

కాల్చేటప్పుడు

ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే, వినేవాళ్లు అంతకంటే తక్కువ. మూడు నుంచి ఐదు తూటాలు కాల్చి ఆపండి. బోల్ట్ తెరిచి, రైఫిల్‌ని మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. వేడి గాలి పైకి పోతూ కింది నుంచి చల్లగాలిని లాక్కుంటుంది. బ్యారెల్‌ని పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టగలిగితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. మే నెలలో మన దగ్గర నీడలోనే 42, 43 డిగ్రీలుంటుంది. చల్లారడానికి ఎంత సేపు పడుతుందో మీరే చూస్తారు. తడిగుడ్డ చుట్టడం, నీళ్లు పోయడం వద్దు. తూటాలను ఎండలో నిలిపిన కారులో వదలకండి, చాంబర్ వేడిగా ఉన్నప్పుడు తూటా లోపలే ఉంచి కబుర్లు చెప్పకండి.

శుభ్రం చేయడం: మనవైపు బ్యారెళ్లు పోయేది ఇక్కడే

మన దగ్గర లైసెన్సు మీద ఉండేవి ఎక్కువగా పన్నెండు బోరు తుపాకులు, .22లు, ఆర్డ్‌నెన్స్ (ప్రభుత్వ ఆయుధాల) ఫ్యాక్టరీ .315లు, అక్కడక్కడా .30-06లు. లైసెన్సులో రాసినన్ని తూటాలే దొరుకుతాయి. ఆ లెక్కన .315 బ్యారెల్‌ని వేడితో చంపడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అయినా కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంబడి ఊళ్లలో లోపలంతా గుంటలు పడిన బ్యారెళ్లు కనిపిస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు, ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు. గాల్లోనే ఉప్పూ తడీ ఉన్నాయి.

మొదట రైఫిల్ ఖాళీ అని కంటితో చూడండి, వేలితో తడమండి. మ్యాగజైన్ తీసేయండి. తూటాలు వేరే గదిలో పెట్టండి. బోల్ట్ ఊడదీసి, చాంబర్ వైపు నుంచి ఆకాశం కేసి బ్యారెల్‌లోకి చూడండి. చాలా నెలలు వాడని తుపాకీలో కుమ్మరి పురుగు మట్టిగూడు పెట్టి ఉండొచ్చు. ఈ పురుగు కిటికీ గొళ్లెం రంధ్రాన్నే వదలదు, బ్యారెల్ దానికి కట్టిచ్చిన ఇల్లు. ఆ గూడు మీద తూటా పేలిస్తే బ్యారెల్ చీలుతుంది, ముఖం దగ్గరే. ప్రతిసారీ కాల్చేముందు ఈ చూపు తప్పనిసరి.

రాడ్డు ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే. ముక్కలు ముక్కలుగా బిగించే రాడ్డు కీళ్లు గాడులను గీస్తాయి. ఒకే ముక్కగా, పైన పూత ఉన్న రాడ్డు, వెనక గైడు ఉంటే మేలు. మాజీ సైనికుల దగ్గర పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి లాగే తాడు), చిందీ (దానికి కట్టే గుడ్డముక్క) ఉంటాయి. వాటితోనూ బాగానే అవుతుంది, తాడుని నిటారుగా లాగాలి. పక్కకు లాగితే తాడు మూతి అంచుని ఒకే చోట కోస్తూ పోతుంది. మావైపు ఒక రిటైర్డు ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే సైనికుడు) ఉన్నారు. రైఫిల్ చేత్తో పట్టుకున్నవాడు కనిపిస్తే చాలు, "మూతి కాడ నించి రాడ్డు పెట్టబాకయ్యా" అని ముందే అరుస్తారు. ఆయన కోపంలో న్యాయముంది. బుల్లెట్ చివరిగా తాకేది ఆ అంచునే. అక్కడ ఒకవైపు అరిగితే థ్రోట్ కొత్తదానిలా ఉన్నా గురి కుదరదు.

సాల్వెంట్‌లో (మురికిని కరిగించే ద్రవంలో) తడిపిన గుడ్డ ఒకటి పంపి పది నిమిషాలు ఆగండి. తర్వాత కంచు బ్రష్ పది సార్లు, మళ్లీ పొడి గుడ్డలు. గుడ్డ మీద నల్లగా వచ్చేది కార్బన్. నీలం, ఆకుపచ్చ కలిసినట్టు వస్తే రాగి. కంచు బ్రష్ కూడా సాల్వెంట్‌కి నీలమే వదులుతుంది కాబట్టి, బ్రష్ అయ్యాక ఒక పొడి గుడ్డ పంపి, ఆ తర్వాత వచ్చే రంగునే నమ్మండి. అమోనియా ఉన్న సాల్వెంట్‌ని రాత్రంతా బ్యారెల్‌లో వదలకండి. చివర పలచగా నూనె.

ఏ నూనె? కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారి పేరుకుంటుంది. కిరసనాయిలు మురికిని కడుగుతుంది గానీ ఆరిపోయాక ఉక్కుకు కాపలా ఉండదు, దాని తర్వాత తుపాకీ నూనె రాయాల్సిందే. ఇటుక పొడి, గరుకు కాగితం, గిన్నెలు తోమే పీచు పేరెత్తకండి. తుప్పు పోయిందని మురిసేలోపు గాడులూ పోతాయి.

పాత తూటాల విషయంలో ఇంకో మెలిక ఉంది. పాతకాలపు మిలిటరీ ప్రైమర్లలో (తూటా అడుగున మందుని అంటించే బిళ్లల్లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక బ్యారెల్‌లో ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాల్లో తడిని లాక్కుని ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టిస్తుంది. నూనె, పెట్రోలు ఆ ఉప్పుని కరిగించలేవు. వేడినీళ్లే పోయాలి. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె రాయండి. డబ్బా పాతదై, అనుమానంగా ఉంటే ఉప్పు ఉందనే అనుకోండి.

తీరం దగ్గరివాళ్లు కాల్చిన రోజు సాయంత్రమే ఇదంతా చేయాలి. రైఫిల్‌ని రెక్సిన్ సంచిలో దాచకండి, సంచి లోపల తడి నిలుస్తుంది. మూతికి గుడ్డ కుక్కకండి. తాళం పడే ఇనుప బీరువాలో, మందపాటి బట్ట మీద మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. అప్పుడు నూనె జారి ట్రిగ్గర్‌లోకి, చెక్కలోకి దిగదు. సిలికా జెల్ ప్యాకెట్లు వేసి వానాకాలంలో అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టండి. .22కి మాత్రం అతిగా తోమే జబ్బు పెట్టుకోకండి. ఎక్కువ .22లు పాడయ్యేది రాడ్డు వల్లే.

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసేటప్పుడు

దీని గురించి ఎవరూ రాయరు గానీ, మన బ్యారెళ్లకు ఇంకో పెద్ద గండం ఇది. కోడ్ రాగానే లైసెన్సు తుపాకీలు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పగించమంటారు. బ్యాంకు గార్డులకు, షూటింగ్ క్రీడాకారులకు మినహాయింపు ఉంటుంది, అందరికీ కాదు. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ మొదటి వారం దాకా ఉంది. అన్ని వారాలు మీ రైఫిల్ గోడకానుకుని ఏ గదిలో ఉంటుందో మీ చేతిలో లేదు.

అప్పగించే ముందురోజు పూర్తిగా శుభ్రం చేసి, బ్యారెల్ లోపల ఈసారి పలచని నూనె కాకుండా చిక్కని తుప్పు నిరోధక గ్రీజు పట్టించండి. బయట ఇనుము మీద కూడా చేతిముద్రలు మిగలకుండా తుడిచి నూనె రాయండి. చేతి చెమట ఉప్పే. "బ్యారెల్ లోపల గ్రీజు ఉంది, తుడవకుండా కాల్చరాదు" అని చీటీ రాసి ట్రిగ్గర్ గార్డుకి కట్టండి. తుపాకీ నంబరు, యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు నంబరు) రశీదులో సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పండి. గ్రీజు మొత్తం తుడిచి, చాంబర్ పొడిగా ఉందని చూశాకే కాల్చే మాట. లోపల గ్రీజుతో కాలిస్తే ఒత్తిడి పెరుగుతుంది, మొదటి తూటా ఎటు పోతుందో తెలియదు.

బ్యారెల్ పోయిందని ఎలా తెలుస్తుంది

గురి చెదిరితే బ్యారెల్‌ని తిట్టేముందు స్కోపు మౌంటు స్క్రూలు, చెక్కకి బిగించే స్క్రూలు చూడండి. తర్వాత రాగి మొత్తం పోయేలా శుభ్రం చేయండి. తూటాల డబ్బా మార్చి చూడండి. సగం జబ్బులు ఇక్కడే నయమవుతాయి. అవన్నీ అయ్యాక కూడా ఐదేసి తూటాల గుంపులు విచ్చుకుపోతుంటే, మధ్యమధ్యలో ఒకటి దూరంగా పడుతుంటే, అప్పుడు థ్రోట్‌ని అనుమానించండి. అదే తూటాకు వేగం ముందుకంటే తగ్గడం ఇంకో గుర్తు. తూటాలు నింపుకునేవాళ్లు రైఫిల్ కొత్తగా ఉన్నప్పుడే బుల్లెట్ గాడులను తాకే పొడవు గేజితో కొలిచి రాసుకోవాలి. ఐదు వందల తూటాలకోసారి మళ్లీ కొలిస్తే థ్రోట్ ఎంత ముందుకు జరిగిందో తెలుస్తుంది. బోర్‌స్కోప్‌లో పగుళ్లు చూసి కంగారు పడకండి. పగుళ్లున్నా చక్కగా గురి కొట్టే బ్యారెళ్లు బోలెడు. కాగితం మీది గుంపు చెప్పిందే ఆఖరి మాట.

మధ్యలో ఒక మాట. ఉదయగిరి, కనిగిరి వైపు వేరుశనగ చేలల్లో అడవి పందుల బాధ పడేవాళ్లు ఈ వేగం లెక్కలు చూసి ఆశపడొద్దు. సన్న తూటాల పలచని బుల్లెట్లు చిన్న జంతువు మీద చితికిపోయేలా చేసినవి. పందిని అవి గాయపరిచి వదులుతాయి. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరం, పంటకోసం ఇచ్చిన తుపాకీ లైసెన్సు ఆ అనుమతి కాదు. కరెంటు తీగలు పెట్టడం అంతకంటే ఘోరం, అవి పందినీ మనిషినీ ఒకేలా చంపుతాయి.

బ్యారెల్ నిజంగానే పోతే అమెరికాలో పని తేలిక. గన్‌స్మిత్ అంగుళం కోసి చాంబర్ మళ్లీ కోస్తాడు, లేదా కొత్తది బిగిస్తాడు. ఇక్కడ ఊళ్లో లేత్ మిషన్ ఉన్న కుర్రాడు ఎంత పనిమంతుడైనా అతని చేతికి ఇవ్వకండి. అతనికీ కేసే, మీకూ కేసే. లైసెన్సున్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లి, పని ఏమిటో బిల్లు మీద రాయించుకుని, లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకుని అప్పగించండి.